తడి ఆరకముందే రాయాలి: కోకో బటర్ వాడకానికి సమగ్ర మార్గదర్శి

సంక్రాంతి వెళ్లిన వారానికి మా అమ్మ ఏలూరు దగ్గరి మా ఊరి నుంచి బెంగళూరు వచ్చింది. మారతహళ్లిలో నాలుగో అంతస్తు మాది. మూడో రోజు పొద్దున పక్క దులుపుతుంటే దుప్పటికి కాళ్లవైపు దారప్పోగులు లేచి కనిపించాయి. అమ్మ మడమలు చూశాను. ఎండిన చెరువు నేలలా నెర్రెలిచ్చి ఉన్నాయి. "ఊళ్లో చెప్పులు లేకుండా తిరిగినా ఇలా కాలేదు. మీ ఊరి నీళ్లు మంచివి కావమ్మాయ్" అంది.

అలమరలోని కోకో బటర్ డబ్బా తీసి ఇచ్చాను. మూత తీసి వాసన చూసి, "ఇది మన కోకో గింజ వాసన కదూ!" అని ఆశ్చర్యపోయింది. మా మేనమామ కొబ్బరి తోటలో అంతరపంటగా కోకో ఉంది. బస్తాల్లో అమ్మే ఆ గింజ నుంచి చేతికి రాసుకునే వెన్న వస్తుందని ఆమెకు తెలియదు.

రోజూ రాత్రి పడుకునే ముందు శ్రద్ధగా రాసుకుంది. రెండు వారాలైనా మడమలు అలాగే ఉన్నాయి. తప్పు వెన్నది కాదు, నాది. ఎలా రాయాలో చెప్పకుండా డబ్బా చేతిలో పెట్టాను. ఆమె ఎండిన మడమ మీదే రాసి పడుకుంది. కోకో బటర్‌లో నీళ్లు లేవు, అది చర్మానికి నీళ్లు ఇవ్వలేదు. అప్పటికే ఉన్న తడిని పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది, అంతే. తడి లేని చోట రాస్తే ఖాళీ కుండకు మూత పెట్టినట్టే. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే కింద చెప్పే మెట్లన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

మొదటి మెట్టు: చేతిలో ఉన్నది ఏమిటో తెలుసుకోవడం

కోకో కాయ చెట్టు మొదలికీ, లావు కొమ్మలకీ అంటుకుని కాస్తుంది. పగలగొడితే తెల్లటి గుజ్జులో ముప్పై, నలభై గింజలుంటాయి. వాటిని గుజ్జుతో సహా బుట్టల్లోనో చెక్కపెట్టెల్లోనో పోసి, అరటాకులు కప్పి ఐదారు రోజులు పులియబెడతారు. ఆ రోజుల్లో మా మేనమామ పెరట్లోకి వెళ్తే పులిసిన వాసన ముక్కుపుటాలు అదరగొట్టేది. ఆ గింజలోంచే చాక్లెట్ వాసన వస్తుందంటే చిన్నప్పుడు నమ్మేదాన్ని కాదు. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన ఆంధ్రప్రదేశ్‌లోనే. అయినా అక్కడి ఇళ్లలో కోకో బటర్ చూసినవాళ్లు తక్కువ. గింజ బయటికి పోతుంది, సబ్బులు, క్రీములు, చాక్లెట్లుగా తిరిగి వస్తుంది.

ఎండిన గింజలను కర్మాగారంలో వేయించి, పొట్టు తీసి, ముద్దగా నూరి, గట్టిగా పిండుతారు. ఒకవైపు కొవ్వు కారుతుంది, మరోవైపు చెక్క మిగులుతుంది. ఆ చెక్కను పొడి చేస్తే కోకో పొడి. పప్పులో సుమారు సగం కొవ్వే. 1828లో నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ హౌటెన్ కుటుంబం ఇలా పిండే యంత్రానికి పేటెంటు తీసుకుంది. కొవ్వునూ పొడినీ సులువుగా విడదీయడం అప్పటి నుంచి సాధ్యమైంది.

ఈ కొవ్వులో మూడో వంతు స్టియరిక్ ఆమ్లం, ఇంచుమించు మరో మూడో వంతు ఒలియిక్ ఆమ్లం, పావు వంతు పామిటిక్ ఆమ్లం. స్టియరిక్, పామిటిక్ గట్టి సరుకు, ఒలియిక్ మెత్తటిది. ఈ పాళ్ల వల్లనే కోకో బటర్ గదిలో రాయిలా ఉంటుంది, 34 నుంచి 38 డిగ్రీల మధ్య కరుగుతుంది. అంటే మన ఒంటి వేడికి సరిగ్గా అటూ ఇటూ. అందుకే ఔషధ తయారీలో మలద్వారం వంటి చోట్ల పెడితే శరీరం లోపల కరగవలసిన మందుబిళ్లలకు (సపోజిటరీలకు) దీన్నే ఆధారంగా వాడుతూ వచ్చారు. చర్మ సంరక్షణలో దీని గుణమంతా ఈ ఒక్క లెక్కలో ఉంది. వేలికి గట్టిగా తగిలి, ఒంటి మీద కరిగి, పలచటి పొరగా నిలిచిపోతుంది.

ఏం చేస్తుంది, ఏం చేయదు

చర్మం పైపొరను తాటాకు పాక కప్పులా ఊహించుకోండి. ఆకు మీద ఆకు పేర్చి ఉన్నంతకాలం వాన లోపలికి రాదు. ఎండకు ఆకులు ముడుచుకుపోతే సందులు పడతాయి. పొడి గాలికి చర్మంలోనూ అంతే. పైపొర కణాల మధ్య ఉండే కొవ్వు తగ్గి, సందుల్లోంచి లోపలి నీరు ఆవిరైపోతుంది. కోకో బటర్ ఆ సందుల్లో నిండి గరుకును తగ్గిస్తుంది, పైన పొర కట్టి నీరు పోకుండా ఆపుతుంది. అరికాళ్లకు, అరచేతులకు నూనె గ్రంథులు ఉండవు. మిగతా ఒళ్లు తన నూనె తానే తయారు చేసుకుంటుంది, మడమకు ఆ వసతి లేదు. అందుకే బయటి కొవ్వు అందరికన్నా ముందు మడమకు అక్కరకొస్తుంది. తరువాత మోచేతులు, మోకాళ్లు, పిక్కలు, పెదవులు.

ఇక చేయనివి. కోకోలో ఉండే పాలీఫినాల్స్ ఒంటికి మంచివని చదివి ఉంటారు. అవి చాలావరకు పొడిలోనే ఉండిపోతాయి, కొవ్వులోకి రావు. చాక్లెట్‌కు వచ్చిన పేరును వెన్నకు అంటగట్టడం వ్యాపారుల తెలివి. విటమిన్ ఇ కొద్దిగా ఉంది. అది వెన్న త్వరగా పాడవకుండా కాపాడుతుంది, చర్మానికి దానివల్ల అద్భుతాలు జరగవు. ఇది రంగు తేల్చదు. ఎండ నుంచి కాపాడదు, కాబట్టి సన్‌స్క్రీన్ బదులు రాసుకుని బయటికి వెళ్లకండి.

గర్భిణుల పొట్ట మీద చారలు రాకుండా ఆపుతుందన్న మాట డబ్బాల మీదే ఎక్కువ కనిపిస్తుంది. దీన్ని సరైన పద్ధతిలో పరీక్షించారు కూడా. లెబనాన్‌లో 2008లో, జమైకాలో 2010లో వెలువడిన అధ్యయనాల్లో కొందరు గర్భిణులకు కోకో బటర్ ఉన్నదీ, మరికొందరికి లేనిదీ ఇచ్చి చూశారు. చారల విషయంలో తేడా కనిపించలేదు. పొట్ట సాగేటప్పటి పొడిదురద కొంత తగ్గవచ్చు, అందుకు రాసుకుంటే తప్పులేదు. నెలలు నిండుతున్నప్పుడు అరచేతుల్లో, అరికాళ్లలో తీవ్రమైన దురద పుడితే మాత్రం డబ్బా పక్కన పెట్టి వెంటనే డాక్టరుకు చూపించండి. అది కాలేయానికి సంబంధించిన ఇబ్బంది కావచ్చు.

మరో మాట నిజాయితీగా చెప్పాలి. నీటిని ఆపడం ఒక్కటే లెక్కయితే పెట్రోలియం జెల్లీదే పైచేయి, ధరా తక్కువ. మరి నేను కోకో బటర్ ఎందుకు వాడుతున్నాను? జిడ్డు జిడ్డుగా పైన తేలకుండా చర్మంలో కలిసిపోయినట్టు ఉంటుంది, వాసన హాయిగా ఉంటుంది, నాకు నచ్చినంత గట్టిగా, మెత్తగా కలుపుకోవచ్చు. ఇవి మీకు పట్టకపోతే జెల్లీతో సరిపెట్టుకోండి, నష్టమేమీ లేదు.

రెండో మెట్టు: ఎవరికి, ఎప్పుడు, ఎక్కడ

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి రాత్రులు చల్లన. ఫిబ్రవరి, మార్చి మధ్యాహ్నాల్లో గాలిలో తేమ బాగా పడిపోతుంది. ఏలూరు, మచిలీపట్నం, చెన్నై వైపు నుంచి వచ్చినవాళ్లకు ఈ తేడా ముందు చర్మం మీదే తెలుస్తుంది. దీనికి బోరు నీళ్లో ట్యాంకరు నీళ్లో తోడవుతాయి. ఉప్పు నీటిలోని కాల్షియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టులా చర్మాన్ని అంటుకుంటుంది, గరుకు పెరుగుతుంది. అమ్మ నీళ్లను తిట్టడంలో సగం న్యాయం ఉంది.

వంటింట్లో మా ఇంటి ఉష్ణమాపకం కొబ్బరి నూనె సీసా. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. పొద్దున సీసా వంచితే నూనె కదలకపోతే కోకో బటర్ కాలం వచ్చిందని నాకు లెక్క. జూన్‌లో వానలు పడి గాలి చెమ్మగిల్లాక నేను మడమలకు తప్ప మరెక్కడా రాయను.

ముఖానికి వద్దు. రంధ్రాలు మూసుకుపోయి మొటిమలు వచ్చే గుణానికి సున్నా నుంచి ఐదు వరకు ఒక కొలత ఉంది, అందులో కోకో బటర్‌కు నాలుగు వేస్తారు. ఆ కొలత మొదట కుందేళ్ల చెవుల మీద చేసిన పరీక్షల నుంచి వచ్చింది కాబట్టి మనిషి ముఖానికి అచ్చంగా వర్తిస్తుందని చెప్పలేం. కానీ నేను ఒక డిసెంబరంతా నుదుటికి రాసి, జనవరిలో కనుబొమల పైన వరుసగా మొటిమలు తెచ్చుకున్నాను. ఆ తరువాత కొలత గురించి వాదించలేదు. వీపు మీద మొటిమలు వచ్చేవాళ్లు వీపునూ వదిలేయండి.

శోభి మచ్చల సంగతి విడిగా చెప్పాలి. మెడ, భుజాలు, ఛాతీ మీద తెల్లగానో గోధుమరంగులోనో పొట్టు రాలే మచ్చలు కనిపిస్తే చాలామంది పొడిచర్మం అనుకుని నూనె రాస్తారు. శోభికి కారణమైన శిలీంధ్రానికి చర్మం మీది కొవ్వులే ఆహారం. రాస్తే దానికి విందు పెట్టినట్టే. ముందు డాక్టరు చెప్పిన మందు వాడాలి. తామర, చీము పట్టిన పుండు, రక్తం కారుతున్న లోతు పగుళ్ల మీద కూడా కోకో బటర్ పని లేదు.

మూడో మెట్టు: కొనడం

బెంగళూరులో దీన్ని రెండు చోట్ల వెతకవచ్చు. సబ్బులు, క్రీములు ఇంట్లో చేసుకునేవాళ్లకు సరుకులు అమ్మే దుకాణాలు ఒకటి. కేకులు, చాక్లెట్లు చేసేవాళ్లకు సరుకులు అమ్మే దుకాణాలు మరొకటి. రెండో చోట చిన్న చిన్న బిళ్లలుగా దొరికేది తినే రకం, చర్మానికీ నిక్షేపంలా పనికొస్తుంది. బిళ్లలైతే తూచుకోవడం సులువు, గడ్డను కత్తితో చెక్కే బాధ ఉండదు.

శుద్ధి చేయనిది లేత పసుపు రంగులో, చాక్లెట్ వాసనతో ఉంటుంది. వాసన తీసేసినది ఇంకా తెల్లగా ఉంటుంది. చర్మానికి చేసే పనిలో రెంటికీ పెద్ద తేడా లేదు. తలనొప్పి మనుషులున్న ఇంటికి వాసన లేనిదే మేలు. మా వారికి రాత్రిపూట చాక్లెట్ వాసన వస్తే ఆకలి వేస్తుందని ఫిర్యాదు, అందుకే మా ఇంట్లో ఇప్పుడు రెండు రకాలూ ఉన్నాయి.

ఒకసారి మోసపోయాను. అడిగింది కోకో, ఇంటికి వచ్చింది కోకమ్. కర్ణాటక, కొంకణ తీరంలో పుల్లటి కోకమ్ పండు గింజల నుంచి కూడా వెన్న తీస్తారు. పేర్లు దగ్గరగా ఉండటంతో కొట్లో అబ్బాయి పొరబడ్డాడో, నేనే సరిగా పలకలేదో తెలియదు. కోకమ్ వెన్న చెడ్డదేమీ కాదు, ఇంకా గట్టిగా, వాసన లేకుండా, జిడ్డు తక్కువగా ఉంటుంది. కానీ కింద చెప్పే పాళ్లు దానికి సరిపోవు. డబ్బా మీద మొక్క పేరు థియోబ్రోమా కకావ్ అని ఉందో లేదో చూడండి. కోకమ్ అయితే గార్సీనియా ఇండికా అని ఉంటుంది.

ఇంటికి తెచ్చాక చిన్న పరీక్ష. బిళ్లను వేళ్లతో విరిస్తే టప్పుమని విరగాలి. అరచేతిలో పెట్టి గుప్పిట మూస్తే కాసేపట్లో అంచులు తడిసి జారాలి. మైనంలా నలిగినా, ఎంతసేపటికీ కరగకపోయినా వేరే గట్టి కొవ్వు కలిసిందని అనుమానించండి. తయారుగా దొరికే కోకో బటర్ లోషన్లు కొనేవాళ్లు డబ్బా వెనక సరుకుల జాబితా చదవండి. ఎక్కువగా ఉన్నది ముందు, తక్కువగా ఉన్నది చివర రాస్తారు. ముందు బొమ్మలో నిండు కోకో కాయ, వెనక జాబితాలో సువాసన తరువాత ఎక్కడో కోకో బటర్ ఉంటే మీరు కొంటున్నది బొమ్మ.

నాలుగో మెట్టు: పరీక్షించి, రాయడం

మోచేతి మడత లోపల బఠాణీ గింజంత రాసి ఒక రోజు, వీలైతే రెండు రోజులు ఆగండి. ఎర్రబడినా, దురద పుట్టినా ఆ డబ్బా మీది కాదు.

ఒంటికి రాసే పద్ధతి ఇదీ. గీజరు నీళ్లు గోరువెచ్చగా ఉంచుకోండి, మరీ వేడి నీళ్లు ఉన్న కొవ్వును కూడా కడిగేస్తాయి. సబ్బు చంకలకు, పాదాలకు, మురికి పట్టిన చోట్లకు చాలు. స్నానం కాగానే తువాలుతో రుద్దకుండా అద్దండి. చర్మం మీద చుక్కలు ఉండకూడదు, చెమ్మ ఉండాలి. అప్పుడే, స్నానాల గదిలోంచి బయటికి రాకముందే, ఒక బిళ్లను అరచేతుల మధ్య పెట్టి కరిగించండి. పిక్కకు శనగగింజంత సరిపోతుంది. ఎక్కువ రాస్తే ఎక్కువ పని చేయదు, పంచెకూ చీరకూ అంటుకుంటుంది. రెండు మూడు నిమిషాల్లో పని ముగించాలి. టీ పెట్టుకుని వచ్చి రాద్దామనుకుంటే తడి ఆవిరైపోయి ఉంటుంది.

తలంటుకు ముందు నువ్వుల నూనె పట్టించే అలవాటున్న ఇళ్లలో ఇది విడ్డూరంగా తోస్తుంది. మా అమ్మ కూడా "నూనె రాసి నీళ్లు పోసుకోవాలి కానీ, నీళ్లు పోసుకుని నూనె ఏమిటి" అంది. భోగినాటి నలుగు మానమనడం లేదు. ఆ నూనెలో చాలా భాగం సున్నిపిండితో పోతుంది, పొడి గాలి వీచే రోజంతా ఉండాల్సిన పొర మాత్రం స్నానం తరువాతే పడాలి.

పాదాలకు రాసుకుని నున్నటి టైల్స్ మీద నడవకండి, ముఖ్యంగా పెద్దవాళ్లు. మంచం మీద కూర్చున్నాకే రాయండి, వెంటనే మేజోళ్లు తొడగండి.

ఐదో మెట్టు: మడమలకు పది రాత్రుల పద్ధతి

అమ్మకు పని చేసింది ఇదే, కాబట్టి వివరంగా చెబుతాను.

బకెట్లో చీలమండల దాకా గోరువెచ్చని నీళ్లు. మోచేయి ముంచి చూస్తే వేడి తెలిసీ తెలియనట్టు ఉండాలి. మధుమేహం ఉన్నవాళ్లు పాదాలతో వేడి చూసుకోకండి, స్పర్శ తగ్గి ఉంటే కాలినా తెలియదు. వాళ్లు నానబెట్టడం, రుద్దడం డాక్టరును అడిగాకే చేయాలి. మిగతావాళ్లు పది పదిహేను నిమిషాలు నాననివ్వండి. ఉప్పు, నిమ్మకాయ, షాంపూ ఏవీ వద్దు. ఉత్త నీళ్లు.

నానిన చచ్చు చర్మం తెల్లగా ఉబ్బుతుంది. గరుకు రాయితో ఒకే దిశలో, పైపైన రుద్దండి. ఒక్క రాత్రిలో నున్నగా చేయాలని చూస్తే కింద పచ్చి చర్మం బయటపడుతుంది. అమ్మ మొదటి రోజే ఉత్సాహపడి మంట తెచ్చుకుంది, మరునాడు రాయి ముట్టనివ్వలేదు. రెండు రోజులకు ఒకసారి రాయి చాలు, నానబెట్టడం మాత్రం రోజూ.

తుడిచి, పగుళ్ల లోపల ఇంకా చెమ్మ ఉండగానే కోకో బటర్‌ను బొటనవేలితో పగులు పొడవునా, లోపలికి నొక్కుతూ రాయండి. అడ్డంగా లాగితే పగులు నోరు తెరుచుకుంటుంది. పైన నూలు మేజోళ్లు. నైలాన్‌వి వద్దు, చెమట పట్టి వేళ్ల సందుల్లో పాసిపోతుంది. వేళ్ల సందులకు ఎప్పుడూ రాయకండి, అక్కడ ఆరనివ్వడమే మందు.

నాలుగో రాత్రికి దుప్పటికి తగలడం మానింది. పదో రోజుకు పైపగుళ్లు మూసుకున్నాయి, లోతైన ఒకటి మాత్రం గీతలా మిగిలింది. ఆ గీత పోవడానికి మరో రెండు వారాలు పట్టింది. మీ లెక్క ఇంతకన్నా ఎక్కువ కావచ్చు. నెల దాటినా మారకపోతే అది ఉత్త పొడిదనం కాకపోవచ్చు. శిలీంధ్రం, సోరియాసిస్ కూడా మడమల్లో ఇలాగే కనిపిస్తాయి, చర్మవైద్యులకు చూపించండి.

ఆరో మెట్టు: మెత్తటి లేపనం చేసుకోవడం

బిళ్లను ప్రతిసారీ అరచేతిలో కరిగించడం విసుగు. చలికాలంలో మరీ. అందుకని నూనె కలిపి వేలితో తీసుకునేంత మెత్తగా చేసుకోవాలి. వంద గ్రాములకు పాళ్లు ఇవి. చలికాలంలో కోకో బటర్ 40, పొద్దుతిరుగుడు నూనె 60. మార్చి తరువాత బెంగళూరుకు 60, 40. వేసవిలో కోస్తాకు తీసుకెళ్లే డబ్బాకు కోకో బటర్ 50, నూనె 35, తేనెమైనం 15. మైనం 62 డిగ్రీలు దాటితే గాని కరగదు, అదే డబ్బాకు వెన్నెముక. పెదవులకైతే కోకో బటర్ 10 గ్రాములు, కొబ్బరి నూనె 10, తేనెమైనం 5. చెంచాలతో కాక చిన్న తక్కెడతో తూచండి. నువ్వుల నూనె కూడా పనికొస్తుంది కానీ దాని వాసన కోకో వాసనతో పోట్లాడుతుంది.

గిన్నె, గరిటె, డబ్బా ముందురోజే కడిగి ఎండబెట్టండి. తడి చుక్క కూడా ఉండకూడదు. నీరు లేని కొవ్వులో సూక్ష్మజీవులు పెరగవు, కాబట్టి ఈ లేపనానికి నిల్వ మందులు అక్కరలేదు. నీరు చేరిన క్షణం ఆ ధీమా పోతుంది. ఒకసారి నేను గొప్పకు పోయి కలబంద గుజ్జు కలిపాను. రెండు వారాలకు మూత తీస్తే అంచున బూజు, ఊరగాయ జాడీలో తడి గరిటె పెట్టినప్పుడు వచ్చేలాంటిదే. పన్నీరు, పాలు, కలబంద ఏదీ కలపకండి. నిమ్మజాతి సుగంధ తైలాలు కొన్ని ఎండ తగిలితే చర్మాన్ని కమిలిస్తాయి, అవీ వద్దు.

వెడల్పు గిన్నెలో నీళ్లు పొగలు వచ్చేదాకా కాచి, పొయ్యి ఆపేసి, అందులో స్టీలు గిన్నె ఉంచండి. మైనం ఉంటే ముందు మైనం, నూనె వేసి సన్నటి సెగ మీద కరిగించండి. తరువాత కోకో బటర్. ఒక్క ముక్క మిగలకుండా, గిన్నె అడుగు కనిపించేంత తేటగా కరగాలి.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. దించి, మూత పెట్టి, తెల్లారి చూద్దామని పడుకుంటారు. తెల్లారి చూస్తే లేపనం నిండా ఇసుక. కోకో కొవ్వు ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు. నిదానంగా చల్లారితే గట్టి కొవ్వులు ముందుగా విడిపడి రవ్వలు కడతాయి. పాత చాక్లెట్ మీద తెల్లటి బూడిదలా కనిపించేదీ ఇలాంటి వ్యవహారమే. హాని లేదు, ఒంటికి రాస్తే కరిగిపోతుంది, కానీ వేలికి గరగర తగులుతుంది. తప్పించుకోవాలంటే గిన్నెను మంచునీళ్ల పళ్లెంలో పెట్టి గరిటెతో కలుపుతూ ఉండండి. మంచునీళ్లు లోపలికి చిందకూడదు. అంచుల్లో తెల్లబడుతూ, పలచటి పెరుగులా చిక్కబడగానే డబ్బాల్లోకి పోసి, మూతలు పెట్టి, గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచండి. మైనం కలిపినది త్వరగా బిగుసుకుంటుంది, దాన్ని కలపకుండా వెంటనే పోసేయండి.

ఇసుక కట్టినా పారేయవద్దు. మళ్లీ పూర్తిగా కరిగించి, ఈసారి త్వరగా చల్లార్చండి.

నిల్వ, ప్రయాణం

ఎండ పడని అలమరలో మూత గట్టిగా ఉంచితే ఉత్త కోకో బటర్ రెండేళ్లు చెడదు. లేపనానికి ఆయుష్షు అందులోని నూనెను బట్టి ఉంటుంది, నేను ఆరు నెలలకు సరిపడా మాత్రమే చేస్తాను. పాత పిండివంటల డబ్బాలోంచి వచ్చే కమటు వాసన వస్తే పారేయాలి. తడివేలు పెట్టకండి, చిన్న చెంచా ఒకటి డబ్బాతోనే ఉంచండి.

కిందటి మే నెలలో మైనం కలపని డబ్బాను అమ్మ సంచిలో పెట్టి బస్సెక్కించాను. ఏలూరులో దిగేసరికి మూత పక్కల నుంచి కారి రెండు నూలు చీరలు నూనె మరకలయ్యాయట. మిగిలినది ఆ రాత్రి నిదానంగా గడ్డకట్టి సగ్గుబియ్యం పాయసంలా తయారైంది. చీరల మరకలకు శనగపిండి చల్లి, కాసేపాగి దులిపి, గిన్నెలు తోమే సబ్బుతో ఉతికితే పోయాయి.

ఈసారి మైనం 15 గ్రాములు పడిన డబ్బానే ఇచ్చాను. వారం తరువాత ఫోను చేసి కరిగిందా అని అడిగితే, "కరగలేదు కానీ, చేతికి కాస్త గట్టిగా తగులుతోంది" అంది. మరుసటి దఫాకు మైనం 12 వేసి, ఆ మూడు గ్రాములు నూనెకు కలపాలని గోడ మీది క్యాలెండర్ అంచున రాసుకున్నాను. డబ్బాను బీరువాలో పెట్టకుండా బియ్యం డ్రమ్ము పక్కన నేల మీద పెట్టుకుందట. ఇల్లంతటిలో చల్లగా ఉండే చోటు అదేనట.